పావురాల ఇంట్లో వంట వంతులు



వేసవి ఎండలు ముదిరి పదవ తరగతి ఫలితాలు వచ్చేసరికి మా పామర్రు చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటా ఒకే చర్చ. ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునేలోపే నలుగురైదుగురు తల్లిదండ్రులు నా చుట్టూ చేరతారు. "అయ్యగారూ, అబ్బాయిని బెజవాడ హాస్టల్లో వేద్దామనుకుంటున్నాం. ఏది మంచిదంటారు?" ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని, భోజనం ఎట్లా ఉంటుంది, ఈ మూడూ కనుక్కుంటారు. అక్కడ పిల్లలు ఒకరితో ఒకరు ఎట్లా కలిసి బ్రతుకుతున్నారని అడిగినవారిని వ్రేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ నాలుగో ప్రశ్న గురించి వ్రాయాలని చాలాకాలంగా మనసులో ఉన్నది. అందుకోసం మిమ్ములను కాస్త దూరం తీసుకుపోతాను. ఓపిక పట్టండి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఉన్నది. 1891లో తెరిచారు. ఆ ఆవరణలో విద్యార్థులు నివసించే ఇళ్ళు అనేకం. వాటిలో ఒక ఇంటి పేరు కొలంబే. లాటిన్ భాషలో ఆ మాటకు పావురాలు అని అర్థం. మన వైపు హాస్టల్‌కు పేరు పెట్టాలంటే దాత పేరో, పుణ్యపురుషుల పేరో వెదుకుతాం. మద్రాసు ఐ.ఐ.టి.లో నదుల పేర్లు పెట్టారు, మన కృష్ణా గోదావరి కూడా ఉన్నాయి. నవోదయ విద్యాలయాల్లో ఆరావళి, నీలగిరి అని కొండల పేర్లు. పక్షి పేరో జంతువు పేరో పెడితే తల్లిదండ్రులు పిల్లను చేర్చడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారేమో!

ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. ఆ ఇల్లు మొదలైన సంవత్సరం 1970. అప్పటికి వియత్నాంలో అమెరికా యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతోంది. ఆ ఏడు ఏప్రిల్ చివర యుద్ధం పక్కనున్న కంబోడియాకూ పాకింది. మే 4న ఓహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నిరసన జరుగుతుండగా సైనికులు కాల్పులు జరిపి నలుగురు విద్యార్థులను చంపారు. దేశమంతటా కళాశాలలు అట్టుడికిపోయాయి. స్టాన్‌ఫర్డ్‌లోనూ రాళ్ళు పడ్డాయి, కిటికీలు పగిలాయి. అటువంటి రోజుల్లో కొందరు విద్యార్థులు అహింస ద్వారా సమాజాన్ని మార్చాలన్న ఉద్దేశంతో ఒక ఇంట కలిసి ఉండడం మొదలుపెట్టి దానికి పావురాల పేరు పెట్టుకున్నారు. రాయి విసిరే చేతికీ పావురాన్ని పట్టుకునే చేతికీ తేడా ఉందని వారి మనసులో తోచి ఉంటుందని నేననుకుంటాను.

పావురం మనకు కొత్త కాదు. ఓడ కిటికీలోంచి నోవహు వదిలిన పక్షి అదే. యొర్దాను దగ్గర దిగివచ్చిన ఆత్మకు పోలిక అదే. శిష్యులను పంపుతూ ప్రభువు పామును, పావురాన్ని ఒకే మాటలో పక్కపక్కన పెట్టిన సంగతి సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. నాకు ఎక్కువగా గుర్తుకు వచ్చేది ఇంకొకటి. గొర్రెపిల్లను కొనే స్తోమత లేని బీదలు దేవాలయానికి తెచ్చే అర్పణ పావురం పిల్లలు. మరియ యోసేపులు తెచ్చినవి కూడా బీదల అర్పణే. కూలి డబ్బుల్లోంచి నూరో యాభయ్యో తీసి కవరులో పెట్టే మన అమ్మలకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ ఇంటి పద్ధతి వినండి. అది సహకార గృహం. వంటవాళ్ళు, పనివాళ్ళు అంటూ వేరే లేరు. ఉన్నవారే వంతులు వేసుకుని వండుతారు, గిన్నెలు తోముతారు, మరుగుదొడ్లు కడుగుతారు. వంట అంతా శాకాహారం. పేరుగాంచిన విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన పిల్లలు, రేపు పెద్ద పెద్ద కంపెనీలు నడపబోయేవారు, సాయంత్రం ఉల్లిపాయలు కోస్తూ నిలబడతారన్నమాట. మన దగ్గర కొడుక్కి ఇంటర్‌లో మంచి మార్కులు వస్తే వాడి కంచం వాడు తీయడం కూడా మానేస్తాడు. "చదువుకునే పిల్లాడు, వాడికెందుకు పని" అంటుంది తల్లి. ఆ కంచం ఎవరు తీస్తారు? చెల్లెలు తీస్తుంది. దానికీ పరీక్షలున్నాయి, పాపం.

రెండో పద్ధతి ఇంకా గట్టిది. ఆ ఇంట ఏ సంగతినైనా అందరూ కూర్చుని ఏకాభిప్రాయంతో తేల్చుకుంటారు. చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టడం కాదు. ఒక ప్రతిపాదన వస్తే ప్రతివారూ మాట్లాడవచ్చు. నచ్చితే ఒప్పుకోవచ్చు. నచ్చకపోయినా "నేను అడ్డు రాను, మీరు కానివ్వండి" అని పక్కకు తప్పుకోవచ్చు. మనస్సాక్షి బొత్తిగా ఒప్పుకోకపోతే ఒక్కరైనా సరే ఆపవచ్చు. అప్పుడు మిగిలినవారు ఆ ఒక్కరి మాట విని, ప్రతిపాదనను మార్చి, మళ్ళీ కూర్చోవాలి. ఏకాభిప్రాయంతో నడిచే ఈ పద్ధతికి మూలం క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలో ఉన్నది. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో జార్జి ఫాక్స్ బోధ వల్ల ఏర్పడిన సమాజం వారిది. వారి కూటాల్లో ఓటింగు ఉండదు. మౌనంగా కూర్చుంటారు, మాట్లాడతారు, మళ్ళీ మౌనంగా ఉంటారు. కూటం మనసు ఎటు మొగ్గిందో వ్రాసేవారు కాగితం మీద పెట్టి చదువుతారు, అందరూ అవునంటే అదే తీర్మానం.

ఇది చదివి మన పాస్టరేటు కమిటీ ఎన్నికలు తలచుకుని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నాను. రెండు ప్యానెళ్ళు, కరపత్రాలు, ఓడినవారు ఆరు నెలలు గుడికి రాకపోవడం. ఓటింగు చెడ్డదని నేననను. ఓటింగు లేకపోతే మన సంఘాల్లో పెద్దరికం నాలుగు కుటుంబాల్లోనే ఉండిపోయేది. కాని 51 మంది గెలిచి 49 మంది ఓడిపోయిన చోట ఆ 49 మంది మరుసటి ఆదివారం ఏ ముఖంతో వచ్చి కూర్చుంటారో ఎవరూ ఆలోచించడం లేదు.

ఏకాభిప్రాయంలోనూ చిక్కులున్నాయి, దాచనక్కరలేదు. కూటాలు అర్ధరాత్రి దాకా సాగుతాయి. ఓపికగలవాడు, గొంతుగలవాడు మిగతావారిని అలసట పెట్టి గెలుస్తాడు. మొహమాటస్థుడు నోరు విప్పడు, విప్పకపోతే ఒప్పుకున్నాడని లెక్క వేస్తారు. ఒక మొండివాడు చాలు, పప్పులో ఉప్పు సంగతి కూడా తేలకుండా చేయడానికి. అయినా 20 ఏళ్ళ వయసులో ఒక సంవత్సరం పాటు ఎదుటివాడి మాట పూర్తయ్యేవరకు ఆగడం నేర్చుకున్న పిల్లకు, ఆ తరువాత అత్తవారింట్లోనైనా, ఆఫీసులోనైనా, సంఘంలోనైనా అది అక్కరకు వస్తుంది.

విద్యార్థులు ఇట్లా కలిసి ఇల్లు నడుపుకోవడం 1970లో పుట్టిన ఆలోచన కాదు. అదే కాలిఫోర్నియాలో బర్క్లీ అనే ఊళ్ళో 1933లో మొదలైన కథ ఉన్నది. అప్పుడు అమెరికాను పెద్ద ఆర్థికమాంద్యం పట్టి పీడిస్తోంది. గది అద్దె కట్టలేక, కడుపునిండా తినలేక విద్యార్థులు చదువు మానుకునే పరిస్థితి. అక్కడి విశ్వవిద్యాలయ వై.ఎం.సి.ఎ.కి డైరెక్టరుగా ఉన్న హ్యారీ కింగ్‌మన్ ప్రోత్సాహంతో 14 మంది విద్యార్థులు ఒక ఇంట చేరి, తమ పని తామే చేసుకుంటూ ఖర్చు తగ్గించుకున్నారు. ఈ కింగ్‌మన్ గారు మిషనరీల కుమారుడు, చైనాలో పుట్టినవారు, ఒకప్పుడు పేరున్న బేస్‌బాల్ జట్టులో ఆడినవారు. ఆ 14 మందితో మొదలైనది నేడు వెయ్యిమందికి పైగా విద్యార్థులకు నీడనిచ్చే సంస్థ అయింది. ప్రతి ఒక్కరూ వారానికి ఇన్ని గంటలని ఇంటిపని చేయాలి, చేయకపోతే జరిమానా.

ఇంకా వెనక్కి వెళితే ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణం. 1844 డిసెంబరు 21న నేతపనివారు, ఇతర కార్మికులు 28 మంది కలిసి చిన్న దుకాణం తెరిచారు. పిండి, వెన్న, పంచదార, కొవ్వొత్తులు అమ్మారు. ఆ దుకాణం ఉన్న వీధి పేరును మన భాషలో చెప్పాలంటే కప్పల సందు! ఎంత పెట్టుబడి పెట్టినా ఒక మనిషికి ఒకే ఓటు అన్న నియమాన్ని వారు పాటించారు. మన దేశంలో 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఎరువుల కోసం, పంట ఋణం కోసం మనం వెళ్ళే సొసైటీ ఆ చెట్టుకు కాసిన కాయే. అది ఇప్పుడు తియ్యగా ఉందా పుల్లగా ఉందా అన్నది మీ ఊరి రైతులను అడగండి.

అంత దూరం ఎందుకు, మా పామర్రులో బందరు బస్సెక్కితే చేరగల చోటనే కలిసి ఉండడం ఎంత ఖరీదైన పనో తెలిపే చరిత్ర ఉన్నది. 1841లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ బందరు వచ్చారు. 1843లో బడి పెట్టారు, అదే తరువాత నోబుల్ కళాశాల. 1852లో ఆయన విద్యార్థులిద్దరు ఆయన ఇంటికి వచ్చి అక్కడే ఉండిపోయి బాప్తిస్మము తీసుకున్నారు. వారిలో మంచాల రత్నంగారు బ్రాహ్మణ కుటుంబీకులు, తరువాత కాలంలో గురువుగా అభిషేకము పొందారు. ఊరంతా ఆ ఇంటి మీదికి వచ్చింది. బడి దాదాపు ఖాళీ అయింది. ఆ రోజుల్లో మతం మారడం ఒక ఎత్తు, ఆ ఇంట కూర్చుని అన్నం తినడం ఇంకొక ఎత్తు. అన్నం తిన్న క్షణాన కులం పోయింది, దానితో తల్లి, తండ్రి, ఆస్తి, అన్నీ పోయాయి. పెళ్ళి లేకుండా జీవించి 1865లో బందరులోనే కన్నుమూసిన నోబుల్ గారిని నేను గౌరవిస్తాను. అయితే అదే బడిలో పై కులాల పిల్లలు వెళ్ళిపోతారని అంటరానివారుగా ఎంచబడిన కులాల పిల్లలను చేర్చుకోలేదు. ఇది కూడా చరిత్రే. ఒక పంక్తి కలపబోయి ఇంకొక పంక్తిని గుమ్మం బయటే ఉంచడం.

1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్యగారు వేరే దారి పట్టారు. ఆయన దగ్గర సువార్త పనికి తర్ఫీదు పొందేవారు భార్యాబిడ్డలతో వచ్చి పల్లెవారి మాదిరిగానే ఉండేవారు. భార్యలకూ పాఠాలు ఉండేవి. మాల వారు, మాదిగ వారు ఒకచోట చదివి, ఒకచోట పని చేసి, ఒకచోట తినాలని ఆయన పట్టుబట్టారు. తిరిగి తమ ఊళ్ళకు వెళ్ళాక ఎంతమంది ఆ పంక్తిని నిలబెట్టారన్నది వేరే సంగతి.

మన మిషన్ బోర్డింగులూ ఆ వరుసలోవే. మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు: తెల్లవారుజామున గంట, ట్రంకు పెట్టె మీద పేరు, అమెరికా నుండి వచ్చిన పాలపొడి, గోధుమ నూక ఉప్మా, తోటపని డ్యూటీ, బావి దగ్గర నీళ్ళు తోడే డ్యూటీ, మేట్రన్ అమ్మగారి బెత్తం. ఆ గోధుమ నూక వాసన జన్మలో మరచిపోలేమంటారు, కాని ఆ నూక తిని టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు అయినవారు ఈ డెల్టాలో ఎంతమందో. ఎక్కడ కలిసినా వాళ్ళకు గుర్తొచ్చేది పక్క చాప మీద పడుకున్నవాడు. 40 ఏళ్ళ తరువాత కూడా ఒకరి ఇంటి పెళ్ళికి ఇంకొకరు శుభలేఖ లేకుండా వస్తారు.

మరి ఇప్పుడు? బెజవాడ చుట్టూ ఉన్న ఇంటర్మీడియెట్ హాస్టళ్ళలో ఉండి వచ్చిన పిల్లవాణ్ణి ఒకణ్ణి అడిగాను, "నీ గదిలో ఎంతమంది, వాళ్ళది ఏ ఊరు" అని. ఎంతమందో చెప్పాడు. ఇద్దరి ఊళ్ళు చెప్పాడు. మిగతావారి మార్కులు చెప్పాడు! రెండేళ్ళు ఒకే గదిలో పడుకున్న స్నేహితుడి తండ్రి ఏం చేస్తాడో తెలియదు గాని గత వారం పరీక్షలో వాడికి ఎన్ని మార్కులు వచ్చాయో తెలుసు. ఇది ఆ పిల్లవాడి తప్పు కాదు. తెల్లవారకముందు లేచి రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకం ముందే కూర్చుంటే, మార్కులను బట్టి సెక్షన్లు మారుస్తూ పోతే, పక్కవాడు స్నేహితుడు ఎట్లా అవుతాడు? ఇటువంటి కళాశాలల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద ప్రభుత్వం 2001లో నీరదారెడ్డి కమిటీని, 2017లో చక్రపాణి కమిటీని వేసింది. 16 సంవత్సరాల తేడాతో రెండుసార్లు అదే బాధ మీద కమిటీ వేయవలసి వచ్చిందంటే మొదటి కమిటీ మాట ఎవరు విన్నట్టు? ఇట్లా బిడ్డను పోగొట్టుకున్న ఇంట ప్రార్థనకు వెళ్ళినవారెవరూ ఆ తల్లి అడిగే ప్రశ్న మరచిపోలేరు. "రాత్రి గదిలో అంతమంది ఉన్నారే, ఒక్కరికీ చెప్పుకోలేకపోయాడా అయ్యగారూ?"

విచిత్రమేమిటంటే ఇదే పిల్లలు ఇంజనీరింగు అయ్యాక ఎం.ఎస్. చదువుకు అమెరికా వెళ్ళి, నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంటు అద్దెకు తీసుకుని, తెలియకుండానే పావురాల ఇంటి పద్ధతిలోకి వస్తారు. ఫ్రిజ్ మీద వంట టర్నులు, క్లీనింగ్ టర్నులు వ్రాసి అతికిస్తారు. సోమవారం ఒకడు పప్పు, మంగళవారం ఇంకొకడు కోడిగుడ్డు పులుసు. బియ్యం బస్తా, కరెంటు బిల్లు తలా ఇంత. మొదటి నెలంతా తల్లికి వీడియో కాల్, "అమ్మా, పోపు ముందా పసుపు ముందా?" అని. అన్నం మాడ్చినవాడి మీద, వంతు ఎగ్గొట్టినవాడి మీద తగవులు వస్తాయి. చదువులో ఎన్ని ర్యాంకులు వచ్చినా తగవు తీర్చుకోవడం వారికి ఎవరూ నేర్పలేదు. కొందరు నెలలోనే ఇల్లు మారతారు. కొందరు సర్దుకుని అన్నదమ్ముల్లా అవుతారు. మా సంఘంలో ఒక అమ్మగారు గర్వంగా చెప్పారు, "మావాడు ఇక్కడ మంచినీళ్ళు కూడా ముంచుకోలేదు, అక్కడ ఆరుగురికి సాంబారు పెడుతున్నాడు." సంతోషమే. ఇక్కడ నాలుగు రోజులు చెల్లెలికి పెట్టి ఉంటే ఇంకా సంతోషం.

తల్లిదండ్రులారా, ఈసారి హాస్టల్ చూడడానికి వెళ్ళినప్పుడు ఆఫీసు గదిలో కూర్చుని రంగుల పుస్తకం చూసి వచ్చేయకండి. భోజనాల వేళకు వెళ్ళండి. పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో, తినేటప్పుడు మాట్లాడుకుంటున్నారో లేదో చూడండి. ఒంట్లో బాగాలేని పిల్లకు గదికి అన్నం ఎవరు తీసుకువెళతారని అడగండి. పిల్లలకు ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పుకోవడానికి వారానికి ఒక గంట అయినా ఉందా అని అడగండి. మీ ప్రశ్నకు చిరాకుపడితే అదే జవాబు.

మా పరిసరాల్లో ఒక చిన్న బాలికల హాస్టల్ ఉన్నది. వార్డెన్ అమ్మగారు అడిగితే ఈ పావురాల ఇంటి సంగతి ఆమెకు చెప్పాను. ఆమె ఊరుకోలేదు. శనివారం సాయంత్రం పిల్లలందరినీ వరండాలో గుండ్రంగా కూర్చోబెట్టి, "ఓట్లు లేవు, అందరూ ఒప్పుకుంటేనే" అన్నారు. మొదటి శనివారం స్నానాల గది దగ్గర క్యూ గురించి. గంటన్నర పట్టింది, ఆరో తరగతి చిన్నపిల్లలు ముందు అని తేలింది. రెండో శనివారం భోజనాల పంక్తి గురించి వచ్చింది. ఎవరూ పైకి అనరు గాని, రెండు పల్లెల నుండి వచ్చిన పిల్లలు రెండు వరుసల్లో కూర్చుంటున్నారు. బైబిలు తరగతిలో కలిసి కూర్చునే పిల్లలే. పెద్ద పిల్లలు "ఇప్పుడున్నట్టే బాగుంది" అన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "నేను ఒప్పుకోను" అంది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు. కన్నీళ్ళు పెట్టుకుంది, కూర్చుంది, మళ్ళీ లేచి, "నేను ఒప్పుకోను" అంది. ఓటింగు అయితే ఒక్క ఓటు, పోయేది. ఇక్కడ ఆ ఒక్క మాట దగ్గర అందరూ ఆగిపోయారు.

ఆ వారమంతా హాస్టల్లో గుసగుసలేనట. ఇద్దరు తల్లులు ఫోన్ చేసి వార్డెన్ అమ్మగారిని నిలదీశారు. మూడో శనివారం కూడా తేలలేదు. నాలుగో శనివారం చిన్నపిల్లల్లో ఒకతె, చీట్లు వేసుకుందామంది. ప్రతి ఆదివారం చీటీ తీసుకుని ఏ నంబరు వస్తే ఆ చోట వారమంతా కూర్చోవాలి. దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇద్దరు మాత్రం పక్కకు తప్పుకున్నారు. చీట్లు వేయడానికి పాత హార్లిక్స్ సీసా ఒకటి కడిగి పెట్టారు. నేను వెళ్ళిన రోజు దోసకాయ పప్పు, చల్ల మిరపకాయలు. నాక్కూడా ఒక చీటీ ఇచ్చారు, 17 వచ్చింది. ఆ అమ్మాయి రెండు కంచాల అవతల కూర్చుని పక్క పిల్లతో లెక్కల నోటు పుస్తకం గురించి పోట్లాడుతోంది.